అద్దం ముందు చెప్పిన మాట

నాచారం.

రూతక్కకు, చెల్లెలు దోర్కా వందనాలు. ఇప్పుడు బాగానే ఉన్నాను. మాత్రలు మళ్లీ వేసుకోమని నిన్న ఫోన్‌లో చెప్పి పెట్టేశాను. కారణం చెప్పడానికి నోరు రాలేదు. రోజూ అద్దం ముందు "నాకు షుగర్ లేదు" అనుకుంటే పోతుందని నీ మాత్రలు మాన్పించింది నేనే కదా. నేనూ మానేశాను. ఆదివారం చర్చిలో, షుగర్ తగ్గిపోయిందని సాక్ష్యం చెబుతూనే కళ్లు తిరిగి పడిపోయాను. దవాఖానాలో నర్సమ్మ, "మంచిగనే అనుకో, గోలీ గూడ ఏస్కో. రెండూ జేస్తె ఎవలొద్దన్నరు?" అంది. అక్కడే మాత్ర వేసుకున్నాను.

ఈ పోస్టుకార్డు అందిన రోజే పరీక్ష చేయించుకో. మేక ఈనిందా? బావకు వందనాలు.

కావాలనే కవరు కొనలేదక్కా. ఆ సాక్ష్యం అందరి ముందే చెప్పాను, ఇది కూడా అందరూ చదవనీ.