గట్టు, గోడ మీద గీత

నవంబరు 2, ఆదివారం
నా తమ్ముడు గంగారాం దొంగ. ఇరవై ఏళ్లుగా ఇదే నా కడుపుమంట. నేను ఈ బహ్రెయిన్‌లో గోడలకు రంగులేస్తుంటే, వాడు ఊర్లో దున్నిన ప్రతిసారీ మా రెండు చేన్ల నడిమి గట్టును ఒక సాలు నా వైపు జరిపాడు. ఏటా ఒక్క సాలే. అడిగితే— "గట్టు ఆడనే ఉన్నదే అన్నా, నీ కండ్లే జరిగినయ్."

నవంబరు 3
మనామా పక్కన జింజ్ పేటలో ఒక బడి. గోడ నిండా అమెరికా పటం వేయాలి, పాతకాలంది. ఏం వేయాలో చెప్పేది ఆ బడి టీచరు రజియా మేడం, హైదరాబాదు ఆమె. కొండల వెంబడి ఒక గీత చూపించింది. ఇంగ్లండు రాజు పెట్టిన హద్దట. తెల్లవాళ్లు దాటి పోవద్దని. ఎర్ర ఆయిల్ పెయింటుతో లావుగా వేసేశాను. హద్దంటే పక్కాగా ఉండాలి కదా.

నవంబరు 4
తప్పట. "అరె చాచా, పెన్సిల్‌తోని గీయమన్న కదా! ఆ హద్దు నిలువలే. జరుగుతది." ఎటు? పడమటికి. ఒక నది దాకా... తర్వాత ఇంకో పెద్ద నది దాకా. రాజు వద్దన్నా దాటారు. గీకాను. మచ్చ పోలేదు. దాని మీదే పెన్సిల్‌తో గీశాను. నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ని, ఒక్క గీత దగ్గర మాట పడ్డాను.

నవంబరు 5
పెద్ద నది అవతల నేల ఎవరిది? ఫ్రాన్సు వాళ్లు అమెరికా వాళ్లకు అమ్మారట. అమ్మినవాడు అక్కడ దున్నలేదు. కొన్నవాడు చూడలేదు. "మరి అండ్ల ఉన్నోళ్లను అడిగిండ్రా?" అన్నాను. మేడం నవ్వింది— "మీరే అడిగిండ్రు చాచా, ఇన్నేండ్లకు." నాకు నవ్వు రాలేదు.

నవంబరు 7, శుక్రవారం
సెలవు. తమ్ముడికి ఫోన్. అమెరికా సంగతంతా చెప్పి తిట్టాను. "నువ్వు గసొంటోనివే. సాలు సాలు మింగినవ్."
వాడు— "జరిపిన. ఒప్పుకుంట. మరి నాయిన చేసిందేంది? అడవి కొట్టి చేను చేసినమంటవు. ఆడ గోండాయన జొన్నలు పండిస్తుండె. యాదికి లేదా?"
ఫోన్ పెట్టేశాను.

నవంబరు 8
ఉంది. ఆ గోండాయన నాకెందుకు గుర్తులేడు. ఏటా విత్తనాలప్పుడు వచ్చేవాడు. ఇప్పచెట్టు కింద నిలబడి మా చేను చూసేవాడు. నాయిన బీడీ ఇచ్చేవాడు. ఒక ఏడు రాలేదు. మేం అడగలేదు.
మరి నా గట్టు ఎవరి గట్టు? వాడు దొంగైతే, నేను... తెలియడం లేదు.

నవంబరు 9
మేడం కాగితం ఇచ్చింది. ముందునుంచీ ఆ నేల మీద ఉన్న జాతుల పేర్లు. చూసి చూసి ఒక్కో అక్షరం దింపుతున్నాను. "చిన్నగ రాయండి చాచా, జాగ లేదు." పెద్దగానే రాశాను. గీత మీదికి వచ్చాయి. రానీ.

నవంబరు 10, సోమవారం
గోడను గురువారం పిల్లలకు చూపిస్తారట. కింద మూలన జానెడు ఖాళీ ఉంది. అక్కడ బ్రష్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎందుకో నాకే తెలియదు. ఆ గోండాయన పేరు రాద్దామని ఉంది. అమెరికాలో ఆయనకేం పని? అయినా రాద్దామని ఉంది. ఏటా చూసిన మనిషి... పేరు తెలియదు.
తమ్ముడికి వాయిస్ పెట్టాను— "గట్టు సంగతి ఎనక. ఆ గోండాయన పేరేందిరా? ముసలోళ్లను అడుగు. ఆయనోళ్లు యాడున్నరో అడుగు. బుధవారం పొద్దుగూకేదాక చూస్త. సాకులు చెప్పకు. పేరు చెప్పు."