నువ్వడిగిన అడ్రసు

నా పెద్దోడికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఉత్తరం మొదట్లో అందరం బాగున్నామని రాయాలి గానీ, అందరం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే గదా, అందుకని ఉన్నమాటే రాశాను. నువ్వక్కడ వేళకు తింటున్నావనీ, నడుము నొప్పి తగ్గిందనీ అనుకుంటున్నాను.

ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు మీ జైలు ఆఫీసులో ఒకాయన విప్పి చదువుతాడు. అయ్యా, మీకు నమస్కారం. తీరిగ్గా చదవండి. చదివాక ఒక్క ముక్క కూడా కొట్టెయ్యకుండా మావాడి చేతికివ్వండి.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. ఇల్లు కారుతోందా అన్నావు. కారుతోంది. వంటింటి మూల ఒక బకెట్టు, మంచం పక్కన ఒక గిన్నె పెట్టాను. రేకు మార్చేది నువ్వొచ్చాకే. మీ వెల్డింగు షాపు ఓనరు మళ్ళీ పన్లోకి తీసుకుంటాడా అన్నావు. వెళ్ళి అడిగాను. "రమ్మనమ్మా. కానీ ఈసారి షాపులోంచి పైపు తీసుకెళ్తే ఎందుకో నాకు చెప్పి తీసుకెళ్ళమను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఇంకా ఆసుపత్రి లాండ్రీలోనే చేస్తున్నావా అన్నావు. అక్కడే. ఎనిమిది ఉతికే డ్రమ్ములు, నలుగురం ఆడవాళ్ళం. రక్తం మరకలున్న మూటలు మిగతావాళ్ళు నన్ను విప్పనివ్వరు. "నువ్వు పిల్లల వార్డు దుప్పట్లు చూసుకో అక్కా" అంటారు. ఎందుకంటారో నీకు తెలుసు.

నాలుగోది మాత్రం పోస్టులో రాలేదు. నీతోపాటు ఉండి విడుదలైన మనిషి చీటీ తెచ్చి గుమ్మంలో ఇచ్చిపోయాడు. వచ్చే నెల పద్నాలుగున బయటికొస్తున్నానని రాశావు. "చెల్లి ఉన్న చోటు అమ్ముకున్న ఆ తీగలోడికి చెయ్యి విరిగితే సరిపోదు. పీక తెగాలి. వాడిప్పుడు ఎక్కడుంటున్నాడో కనుక్కుని అడ్రసు పెట్టు" అన్నావు. ఈ మాట మీ జైలు ఆఫీసాయన కళ్ళబడుతుందని తెలిసే రాస్తున్నాను. దీనివల్ల నీ విడుదల ఆగితే ఆగనీ. నన్ను తిట్టుకో. ఒక మనిషి ప్రాణం కంటే నీ పద్నాలుగో తారీఖు నాకు ఎక్కువ కాదు.

ఆయన ఎక్కడుంటాడో నాకు తెలుసు. ప్రతి బుధవారం ఆయనకెదురుగా కూర్చుంటున్నాను.

కోపం తెచ్చుకోకుండా మొత్తం చదువు. చెల్లి తలదాచుకున్న ఆడవాళ్ళ ఇల్లు ఉంది చూడు, అది ఆ తర్వాత ఊళ్ళోనే ఇంకో చోటికి మారింది. ఎక్కడికో నీకు రాయను. ఇప్పుడందులో ఇరవై నలుగురున్నారు. పళ్ళు రాలగొట్టించుకున్నవాళ్ళు, వీపు మీద ఇస్త్రీ పెట్టె అచ్చు పడ్డవాళ్ళు. ఒకమ్మాయికి జుట్టుతోపాటు తోలు ఊడొచ్చింది, ఇప్పటికీ గుడ్డ కట్టుకునే తిరుగుతుంది. చెల్లి పోయిన రోజే అక్కడ వీడియో కాల్స్ ఆపేశారు. రెండేళ్ళుగా ఆ ఆడపిల్లలు తల్లి ముఖం చూడలేదు. ఇప్పుడు మళ్ళీ పెట్టాలనుకుంటున్నారు. ఎన్ని లైన్లు పెట్టాలి, ఎంతవుతుంది, మాటలూ ముఖాలూ బయటికి పొక్కకుండా ఎలా చూడాలి అని ఆలోచించడానికి నలుగురిని కూర్చోబెట్టారు. ఇల్లు నడిపే మేనేజరమ్మ, లెక్కలాయన, ఆ ఇంటి నెట్టూ కంప్యూటర్లూ చూసే తీగలాయన, నేను. "పోగొట్టుకున్నదానివి నువ్వు. నువ్వుంటే మేం తప్పు చెయ్యం" అని మేనేజరమ్మ మా ఇంటికొచ్చి పిలిచింది.

మొదటి బుధవారం నేను గదిలోకి వెళ్ళగానే తీగలాయన లేచి కుర్చీ జరిపాడు. కుడిచేత్తో జరపబోయి ఎడమచేత్తో జరిపాడు. కుడిచేతిలో మూడు వేళ్ళు వంగవు నాన్నా. కర్రముక్కల్లా నిలబడి ఉంటాయి.

ఆయన మూడు కాగితాలు బల్ల మీద పరిచాడు. మొదటిది ఇంతకుముందు వాడినదే. ఉచితం. ఎవరైనా లోపలికి రావచ్చు, ఎవరైనా రికార్డు బటను నొక్కవచ్చు, మన పిల్లల ముఖాలు ఎవరి కంప్యూటర్లో పడి ఉంటాయో ఆ దేవుడికే తెలియాలి. రెండోది తలకింతని నెలనెలా అద్దె. మూడోది ఆ ఇంటి గదిలోనే సొంత కంప్యూటరు పెట్టె పెట్టుకోవడం. మాట్లాడినంతసేపే బొమ్మ ఉంటుంది, తర్వాత ఎక్కడా నిలవుండదు. పెట్టెకీ, మంచి నెట్టుకీ మొదట్లో గట్టిగానే అవుతుంది.

"ఉచితంగా వచ్చేదాన్ని కాదని పెట్టె కొనడం దేనికండీ? అందులో ఏమన్నా బంగారం పండుతుందా?" అన్నాడు లెక్కలాయన.

"అప్పుడూ ఇదే అడిగారు సార్ మీరు. అద్దెదైనా తీసుకుందామని నేనంటే, వచ్చే ఏడు చూద్దామన్నారు" అన్నాడు తీగలాయన. లెక్కలాయన ఆ మొదటి కాగితాన్ని తిరగేసి పెట్టాడు.

మొన్న బుధవారం లైన్ల సంగతి వచ్చింది. "ఇరవై నలుగురు, వారానికి తలా అరగంట. వారం మొత్తానికి సర్దితే రెండు లైన్లు ఎక్కువే" అన్నాడు లెక్కలాయన.

"చాలవు బాబూ" అన్నాను.

"ఏ లెక్కమ్మా ఇది?"

"మా ఆసుపత్రిలో మూడొందల మంచాలు. రోజంతటికీ సర్దితే మూడు డ్రమ్ములు చాలు. మరి ఎనిమిది ఎందుకు పెట్టారు? దుప్పట్లు రోజంతా రావు. పొద్దున డాక్టర్లు తిరిగి వెళ్ళగానే అన్నీ ఒక్కసారే మీద పడతాయి. తల్లులూ అంతే. ఇళ్ళల్లో పాచిపని చేసేది ఒకతి, మిల్లుకెళ్ళేది ఒకతి. అందరికీ ఆదివారం పొద్దున రెండు గంటలే తీరిక. ఆ రెండు గంటల్లో ఇరవై నలుగురూ మాట్లాడాలంటే ఆరు లైన్లు కావాలి. బొమ్మ చిన్నదైనా సర్దుకుంటాం, మాట తెగకూడదు."

లెక్కలాయన వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. "ఆరే వస్తోంది. ఈవిడ నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉంది" అన్నాడు. తీగలాయన నవ్వాడు. ఎడమచేత్తో, ఎక్కాలు నేర్చుకునే పిల్లాడిలాగా వంకరగా ఆరు అని రాసుకున్నాడు.

అప్పుడు లెక్కలాయన మంచితనంతోనే ఒక మాటన్నాడు. "రికార్డు బటను మాత్రం ఉంచండి. పాపం, లైను దొరకని వారం తల్లులు పాతది పెట్టుకుని చూసుకుంటారు."

నేను లేచి నిలబడ్డాను. "ఆ బటను పీకెయ్యండి" అన్నాను.

"అదేంటమ్మా, మీరు తల్లి కదా, ఆ బాధ మీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే అంటున్నాను. ఆ రోజు దాన్ని నొక్కింది నేనే."

పెద్దోడా, ఇక్కడిదాకా చదివావుగా. మిగతాదీ చదువు.

చెల్లి ఆ ఇంట్లో ఉన్న నాలుగు నెలలూ అది ఎక్కడో నాకూ తెలియదు. ఫోన్లో చూసుకోవడమే. మాట్లాడేటప్పుడు దాని వెనక ఒక దుప్పటి కట్టేవారు, గోడగానీ కిటికీగానీ కనబడకూడదని. రికార్డు చెయ్యొద్దని మేనేజరమ్మ మొదటి రోజే చెప్పింది. నేను సరేనన్నాను. కానీ ఒక ఆదివారం అది నవ్వింది రా. పెదవి మీది కుట్లు విప్పారట, "అమ్మా, ఇప్పుడు నొప్పి లేకుండా నవ్వచ్చు, చూడు" అని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ నవ్వు పోనివ్వబుద్ధి కాలేదు. ఎర్ర చుక్క కనబడుతుంటే నొక్కేశాను. ఆ వారమంతా దుప్పట్లు మడతపెడుతూ అదే చూసుకున్నాను.

గురువారం ఆ వ్యానువాడు వచ్చాడు. అప్పటికి వాణ్ణి అల్లుడనే అనేదాన్ని. పార్సిల్ కంపెనీ చొక్కాతోనే వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. "దాని జోలికి పోను అత్తయ్యా. తాగుడు మానేశాను. ఎక్కడుందో చెప్పొద్దు. ఒక్కసారి ముఖం చూపించండి, చాలు" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎక్కడుందో నాకే తెలియదు, ముఖం చూస్తే ఏం పోతుందిలే అనుకున్నాను. చూపించాను.

"ఇంకోసారి పెట్టండి అత్తయ్యా" అన్నాడు. పెట్టాను. మళ్ళీ ఇంకోసారి అన్నాడు. మూడుసార్లు చూశాడు. ఎంత ప్రేమో అనుకున్నాన్రా! వాడు దాని ముఖం చూడలేదు. అది నవ్వుతూ వెనక్కి వాలినప్పుడు దుప్పటి అంచు జారి ఒక్క క్షణం కిటికీ కనబడింది. కిటికీలోంచి నీలం రంగు నీళ్ళ ట్యాంకు, దానికి సగం విరిగిన ఇనప నిచ్చెన. ఊళ్ళో వీధివీధి తిరిగి పార్సిళ్ళు పంచేవాడికి ఆ నిచ్చెన చాలు. ఈ సంగతి, వాణ్ణి కోర్టుకి తెచ్చిన మొదటి రోజే, నువ్వింకా పైపు పట్టకముందే, వాడే వరండాలో నా పక్కనుంచి వెళ్తూ నా చెవిలో చెప్పాడు. "థాంక్స్ అత్తయ్యా, నిచ్చెన బాగా కనపడింది" అన్నాడు. పోలీసులకు మాత్రం ఎవరో చెప్పారని చెప్పి ఊరుకున్నాడు.

శనివారం పొద్దున అట్టపెట్టె పట్టుకుని ఆ ఇంటి బెల్లు కొట్టాడు. పార్సిల్ అంటే ఎవరైనా తలుపు తీస్తారు. తీసింది చెల్లే. అట్టపెట్టెలు కోసే బ్లేడుతో మెడ మీద, చేతుల మీద, అడ్డంపెట్టిన అరచేతుల మీద, పదిహేడు చోట్ల కోశాడు. వంటింటిదాకా పాకింది. అక్కడ మిగతావాళ్ళు వాడి మీద వేడినీళ్ళు కుమ్మరించి ఆపారు. మన ఆసుపత్రికే తెచ్చారు. ఎమర్జెన్సీనుంచి వచ్చిన మూట విప్పింది నేను. ఎవరి రక్తమో తెలియక చన్నీళ్ళలో నానబెట్టాను. ఎవరి బిడ్డో పాపం అని పక్కావిడతో అన్నాను కూడా. ఆ తర్వాతే నన్ను పైకి పిలిచారు.

ఇంతకంటే ఘోరం ఒకటుంది, అదీ రాస్తాను. ఆ రోజుల్లో ఆ ఇంటికి వెళ్ళొచ్చే మగవాడు తీగలాయన ఒక్కడేనని నువ్వు పైపు పట్టుకుని ఆయన ఆఫీసుకి పోయావు. నీ వెనక నేనూ పరుగెత్తాను. మొదటి దెబ్బకు ఆయన బల్ల మీద చెయ్యి ఆనించాడు. రెండో దెబ్బ ఆ చేతిమీదే వేశావు. ఎండుపుల్లలు తొక్కినట్టు చప్పుడైంది. ఆయన "నేను కాదు, నేను కాదు" అని అరుస్తున్నాడు. ఆయన కాదని ఆ గదిలో తెలిసింది ఆయనకూ, నాకూ. నీ చొక్కా పట్టుకుని వద్దురా, వద్దురా అన్నానే గానీ, నేనేరా అని అనలేదు. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పైపు నా వైపు తిరుగుతుందని భయపడలేదు. నువ్వు నన్ను చూసే చూపుకి భయపడ్డాను. నీకు రెండేళ్ళు శిక్ష వేసినప్పుడు కూడా నోరు మూసుకునే కూర్చున్నాను. ఆ తర్వాత లాండ్రీలో దుప్పట్లు నొక్కే వేడి రోలర్ల మధ్య చెయ్యి పెట్టబోతే, పక్కావిడ జుట్టుపట్టి వెనక్కి లాగి చెంప పగలగొట్టింది.

మొన్న బుధవారం నేను చెప్పాక మేనేజరమ్మ ఏడ్చింది. లెక్కలాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తీగలాయన మాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసమ్మా. రికార్డు ఎవరు నొక్కారో నా కంప్యూటర్లో ఆ రోజే పడింది" అన్నాడు.

"మరి కోర్టులో ఎందుకు చెప్పలేదయ్యా? నీ మీద నింద పోయేదిగా!"

"ఎవరు ఎవరితో మాట్లాడారో, ఏం నొక్కారో గడప దాటనివ్వనని సంతకం పెట్టి చేరాను. అడగని సంగతి నా అంతట నేను చెప్పలేదు. మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది, నీ సంతకం నీ చెయ్యిని అతికిస్తుందా అని." మళ్ళీ ఆయనే అన్నాడు. "కోపం లేదనుకోకండి. కోర్టు జరిగిన ఐదు రోజులూ మీరు లేస్తారేమోనని మీ వంకే చూశాను. మీరు లేవలేదు. అది మర్చిపోలేను."

క్షమించమని నేనడగలేదు. అడిగే ముఖం లేదు. ఆ కాల్ వివరాలు కోర్టుకి ఇవ్వచ్చని అక్కడే కాగితం మీద సంతకం చేశాను. రేపు సోమవారం వకీలుతో కలిసి వెళ్ళి అక్కడా ఇదే చెబుతాను.

ఇక నువ్వడిగిన అడ్రసు. ఒకడు ఏడిస్తే కరిగిపోయి ఒకసారి చూపించాను. దానికి నా కూతురు పోయింది. ఇప్పుడు అడిగేది నా కొడుకు. నువ్వు ఏడ్చినా, నా పీక మీద కాలేసి తొక్కినా తీగలాయన ఇల్లు చెప్పను. ఆయన వీధి చెప్పను. ఆయన ఇంటి ముందు ఏ చెట్టుందో కూడా నా నోటినుంచి రాదు. పద్నాలుగున జైలు గేటు దగ్గరికి రాను, వచ్చి నిన్ను బతిమాలను. పైపు వెంట తెచ్చుకుంటావో లేదో నీ ఇష్టం.

చెల్లిని వాడికి చూపించిన మనిషి ఎక్కడుంటుందో తెలియాలి గదా నీకు. ఈ కవరు తిప్పి చూడు. పంపినవారు అని ఉన్నచోట, దాని అడ్రసు ఇంటి నెంబరుతో సహా రాశాను.

ఇట్లు,
నిన్నూ దాన్నీ కన్న
అమ్మ