లేదా ఆమె

న్యూజెర్సీ గట్టు,
1806 అక్టోబరు 16

ప్రియమైన ఎనోస్ గారికి,

మీరు మూడోసారి అడిగారు. నేను మూడోసారీ కాదంటున్నాను. ఈసారి కారణం కూడా రాస్తాను. లేకపోతే మీ ముక్కు నాకు నచ్చలేదనుకుంటారు.

మొన్న మంగళవారం ఓటు వేసి వచ్చాను. వానలో, బండి మీద, పదకొండు మైళ్ళు. చీటీలు తీసుకునే అధికారి ఎప్పటిలాగే మొదలుపెట్టాడు: “ఏమమ్మా, మీ ఆయన ఎవరికి వేయమన్నాడు?”

“ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. మీరే వెళ్ళి కనుక్కుని రండి” అన్నాను. వరసలో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు.

దేశం స్వతంత్రం ప్రకటించుకున్న ఏడాదే మా రాష్ట్రం తన రాజ్యాంగం రాసుకుంది. యాభై పౌండ్ల ఆస్తి ఉన్న 'నివాసులందరికీ' ఓటు అంది. తర్వాతి చట్టం ఇంకా విప్పి చెప్పింది: 'అతడు లేదా ఆమె'. ఆ చివరి రెండు మాటలూ నావి. మిమ్మల్ని పెళ్ళాడిన మర్నాడు నా ఆపిల్ తోట మీదవుతుంది, దానితోపాటే ఓటూ పోతుంది, నా పేరు మీ పేరు వెనక దాక్కుంటుంది. మీరు మంచివారే. కానీ చట్టం మీ మంచితనాన్ని అడగదు.

సాయంత్రాలు మాత్రం నదికి అవతల మీ పొగగొట్టం వైపు చూస్తాను. అది వేరే సంగతి.

మీ స్నేహితురాలు,
జెరూషా ప్యాంకోస్ట్, ఓటరు


బ్రిస్టల్, పెన్సిల్వేనియా గట్టు,
నవంబరు 3

ప్రియమైన 'లేదా ఆమె' గారికి,

ముక్కు క్షేమమన్నమాట. సంతోషం.

ఇరవై ఏళ్ళుగా పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తున్నాను. ఎన్నో లక్షల మాటలు ఈ చేతుల మీదుగా పోయాయి. రెండు మాటల చేతిలో ఓడిపోతానని ఎప్పుడూ అనుకోలేదు. మీరు కాదన్నారు, నేను విన్నాను. ఇక అడగను.

నిన్న పొరపాటున బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టాను. రెండోదాన్ని తిరిగి అరలో పెడుతుంటే ఎంత చప్పుడైందో! పళ్ళెం చప్పుడు ఇంత పెద్దదా అనిపించింది.

మీ ఎనోస్


1807 మార్చి 12

ప్రియమైన ఎనోస్ గారికి,

నది గడ్డకట్టి, పడవ ఆగి, మూడు వారాలు మనిషి గొంతు వినలేదు. ఆవుతో మాట్లాడాను. వాదించదు కాబట్టి దానితో ఎక్కువసేపు సాగలేదు.

ఇవాళ మొదటి పడవలో ఓ కబురొచ్చింది. ఎగువ జిల్లాలో న్యాయస్థానం ఏ ఊళ్ళో కట్టాలో తేల్చడానికి ఓటింగు పెట్టారట. కొందరు మగాళ్ళు పొద్దున తమ బట్టల్లో ఓటేసి, మధ్యాహ్నం పెళ్ళాల గౌన్లు తొడుక్కుని మళ్ళీ వచ్చారట. ఒక 'అమ్మగారు' గడ్డం గీసుకోవడం మరిచిపోయిందట! నేనూ పడీపడీ నవ్వాను.

అప్పుడు పడవవాడు, “ఆడాళ్ళకి ఓటిస్తే ఇంతే కదమ్మా!” అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. తొడుక్కున్నది మగాడు, తప్పు గౌనుది.

మీ జెరూషా


బ్రిస్టల్,
1807 డిసెంబరు 9

ప్రియమైన జెరూషా గారికి,

మీ రాష్ట్రపు కొత్త చట్టాల ప్రతిని ఓ వకీలు అట్ట వేయమని పంపాడు. కుట్టేముందు పేజీలు సరిచూడటం నా అలవాటు. ఇకమీద ఓటు 'తెల్లజాతి స్వేచ్ఛా పురుషులకు' మాత్రమేనట. 'లేదా ఆమె' లేదు. మోసాలు అరికట్టడానికని రాసుకున్నారు.

నేనొకటి ఒప్పుకోవాలి. అది చదివి ఒక్క ఊపిరి పాటు సంతోషించాను. ఇక మన మధ్య ఏముంది, నది తప్ప, అనుకున్నాను. మరో ఊపిరికి సిగ్గుతో తల వాలిపోయింది. దాచి ఉంచితే ఆ గౌను తొడుక్కున్నవాడికీ నాకూ తేడా ఉండదని రాస్తున్నాను.

నేనేమీ అడగడం లేదు.

ఎనోస్


1808 అక్టోబరు 13

ప్రియమైన ఎనోస్ గారికి,

మీ ఉత్తరం పది నెలలుగా పిండి డబ్బా వెనక ఉంది. రోజూ రొట్టె చేసేటప్పుడు కనిపిస్తుంది.

మొన్న మంగళవారం చీటీ రాసుకుని మళ్ళీ వెళ్ళాను. అదే అధికారి. ఈసారి నవ్వలేదు. “ఇంటికెళ్ళమ్మా, జెరూషా” అన్నాడు, తల దించుకుని. వేళాకోళమే నయం. గుమ్మం బయట మా పక్క పొలం క్వామినో నిలబడి ఉన్నాడు. సొంత భూమి ఉన్న స్వతంత్రుడు, నల్లవాడు. అతను 'అతడే', అయినా పనికిరాలేదు. ఇద్దరం నా బండిలో తిరిగొచ్చాం.

మీరు సంతోషించారన్న ఆ ఒక్క ఊపిరి నేనూ పీల్చాను. ఆ రోజంతా నది వైపే చూశాను. ఇప్పుడు అవునంటే ఏమవుతుంది, అడ్డేముంది అనుకున్నాను. కానీ వెనక తలుపు మూసేస్తే ముందుకు నడవడం సమ్మతి కాదు. పాలించేవాడికి అధికారం జనం సమ్మతి నుంచే వస్తుందని చెప్పి పుట్టిన దేశమిది. కాదనగలిగితేనే కదా, అవునన్నదానికి విలువ?

ఈ రెండు గట్ల మీదా నా 'కాదు'ను లెక్కలోకి తీసుకున్న మనిషి మీరొక్కరే. అందుకే నాలుగోసారి కూడా అదే మీకిస్తున్నాను. నా దగ్గర మిగిలిన ఓటు అదొక్కటే.

ఆ అధికారి పుచ్చుకోని ఓటు చీటీని ఇందులో పెట్టాను. మా చట్టాల పుస్తకం మళ్ళీ ఎప్పుడైనా మీ చేతికొస్తే, అట్టకూ లోపలి కాగితానికీ మధ్య అతికించండి. ఎవరికీ కనబడనక్కర్లేదు. లోపల ఉంటే చాలు.

ఆపిల్స్ పండాయి. ఆదివారం పడవ ఉంది. వస్తే, రెండో పళ్ళెం నేను పెడతాను.

మీ
లేదా ఆమె