కిటికీలు మూసి వండిన యాటకూర

ఆదివారం రాత్రి, సూరత్

ఆ ఏడుపు నిజమని ఎలా నమ్మాను?

యుద్ధకాలంలో యూదులను చంపిన పోలండ్ శిబిరాలను, పోయిన నెల టూరుకు వెళ్లిన మా టీచర్లకు దగ్గరుండి చూపించిన అవ్వ, చిన్నప్పుడు పొరుగింటి అటక మీద దాక్కుని బతికింది. అది విని అందరికంటే ఎక్కువ ఏడ్చింది సరళక్క.

ఈరోజు అడాజన్‌లో ఆమె ఇంటికి భోజనానికి వెళ్లాను. పక్క ఫ్లాటు ఖాళీగా ఉంది కదా, షబానా టీచర్‌కు అద్దెకు ఇప్పించమన్నాను. మేం ఊళ్లో లేనప్పుడు మా ఇద్దరి క్లాసులూ చూసుకున్నది షబానాయే.

"వద్దు చెల్లే. వాళ్లు మాంసం వండుతరు, ఇది వెజ్ సొసైటీ. నువ్వే ఆమెకు జర మంచిగ చెప్పు" అంది.

మాంసం వాసన బయటికి పోకుండా కిటికీలన్నీ మూసి వండిన యాటకూర నా కంచంలో వడ్డిస్తూ అంది.

రేపు స్కూలు ప్రార్థనలో అవ్వ కథ చెప్పేది సరళక్కే. పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టేది షబానా.