అచ్చులేని మాట

ఆదివారం రాత్రి, సీతాఫల్‌మండి

పక్షవాతం వచ్చాక మా అబ్బాజాన్‌తో ఇంగ్లీష్ పదాల ఆట ఆడటం ఈరోజే మొదలు. ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీష్ చెప్పిన మనిషికి ఇప్పుడు మాటలు దొరకడం లేదు. ఆట బోర్డు మీద సి, డబ్ల్యూ, ఎం అక్షరాల బిళ్లలు పేర్చారు. ఒక్క అచ్చు కూడా లేదు. చదువంతా పోయిందేమోనని భయపడ్డాను.

"గిట్ల మాట ఉండదు అబ్బాజాన్, ఇంకోటి పెట్టుండ్రి," అన్నాను.

"డిక్షనరీ... చూడు," అన్నారు కష్టంగా.

చూశాను. ఉంది. కూమ్ అని పలకాలట. కొండ ఒడిలో గిన్నెలాంటి లోయ.

ఆయన నవ్వి నన్ను పిలవబోయారు. పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు. నేను అందించలేదు. ఆయన అక్షరాల సంచిలో చేయి పెట్టి చాలాసేపు వెతికారు. చివరికి ఒక్క ఎన్ తీసి నా అరచేతిలో పెట్టారు. నా పేరు మొదలయ్యేది దానితోనే.