ఒంటిచేత్తో తొడుక్కునే చొక్కా

మా బుజ్జమ్మకు,

అమ్మ దీవెనలు. మేమిద్దరం క్షేమం, మీ నాన్న అలక కూడా క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే నా మాట సగంలో ఉండగానే నువ్వు అందుకుంటావు. అందుకే కాగితం పట్టాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. కుట్టుమిషను బాగయింది, నా మోకాలు బాగవలేదు. పక్షవాతానికి పడిపోయిన నాన్న కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు, ఎడమచేత్తో చెంచా పట్టడం అలవాటైంది. చొక్కా దగ్గరే రోజూ తగువు. మనిద్దరం ఆయన కోసం కుట్టిన ఆ ఒంటిచేతి చొక్కా కూడా వీపు వెనక చిక్కుకుపోతోంది. సాయం పట్టబోతే, "చంటిపిల్లాణ్ణనుకున్నావా, వదులు!" అని కసురుతారు. వదిలితే కాసేపటికి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మనందరికీ ధైర్యం చెప్పిన మనిషిని అలా చూడలేకపోతున్నాను తల్లీ.

ఇక ఆ యాప్ సంగతి. చొక్కా వీడియో అందులో పెట్టినప్పుడు లైకులు చూసి నేనూ మురిసిపోయాను, కాదనను. కానీ నాన్నకి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చి, "మా పేషెంట్లకి చూపిద్దామంటే ఖాతా తెరవమంటోంది ఆంటీ, పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు" అంది. ఖాతా ఉన్నవాళ్లకీ దొరకడం లేదట, కొత్తవాటి కింద ఎక్కడో పడిపోయింది. మన టైలరింగ్ కొట్టు పక్కన కంప్యూటర్లు బాగుచేసే ఆవిడతో చెప్పుకుంటే నవ్వింది. "మీ ఇల్లు మీరు కట్టుకోండి పిన్నిగారూ. యాప్‌లోకి చుట్టపుచూపుగా వెళ్లి రండి. చుట్టాలింట్లో ఎవరైనా బీరువా పెట్టుకుంటారా?" అంది. తనే దగ్గరుండి నాకో వెబ్‌సైటు పెట్టించింది. ఎవరైనా రావచ్చు, చూడొచ్చు, దించుకోవచ్చు. ఇకముందు అందరూ ఇలా సొంత గుమ్మాలు పెట్టుకుని ఒకరికొకరు దారి చూపించుకుంటారని ఆవిడ నమ్మకం. వింటుంటే నాకూ ఆశ పుట్టింది.

అసలు విషయం నాన్చుతున్నానని నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఆ యాప్ కంపెనీ మన చొక్కాను తమ దగ్గర మాత్రమే ఉంచమని అడుగుతోందనీ, ఒప్పందం అయ్యేదాకా కటింగ్ కొలతలు ఎవరికీ చూపించొద్దనీ పోయిన ఉత్తరంలో రాశావు. చూపించేశాను. నువ్వు కష్టపడి గీసిన కటింగ్ పటం మొత్తం, నిన్ను అడక్కుండా, నా సైటులో పెట్టేశాను. గీసింది మా అమ్మాయని పైన రాశాను గానీ, అడగకపోవడం తప్పే. ఆ కంపెనీ ఇక మన మొహం చూడకపోవచ్చు. నీకది ఎంత ముఖ్యమో తెలిసే చేశాను. మూసిన తలుపు బయట నిలబడ్డవాళ్లందరూ నాకు మీ నాన్నలాగే కనిపించారు.

వారం తిరక్కుండా ముక్కూ మొహం తెలియని ఒకావిడ మన పటం మీదే గీతలు మార్చి పంపింది. సంగీతం నేర్పుతుందట, ఆవిడకీ ఓ చెయ్యి పనిచేయదట. "చొక్కా బాగుందండీ, కుట్టినవాళ్లకి రెండు చేతులూ ఉన్నాయని మాత్రం తెలిసిపోతోంది" అని రాసింది. నవ్వలేక చచ్చాను. పనిచేయని చేతివైపు మెడ దగ్గర్నుంచి ముంజేతిదాకా పైనుంచి తెరిచి, అంటుకునే పట్టీలు కుట్టమంది. చేతిని చొక్కాలోకి దూర్చడమే గానీ, చొక్కానే చేతి మీద కప్పొచ్చని మనకు తట్టనే లేదు చూడు.

నిన్న అలాగే కుట్టి, కుర్చీ మీద పెట్టి, పనున్నట్టు వంటింట్లోకి వెళ్లాను. కాసేపటికి కర్ర చప్పుడు గుమ్మం దాటింది. కిటికీలోంచి చూద్దును కదా, మీ నాన్న చొక్కా తొడుక్కుని వీధిలో నడుస్తున్నారు. పట్టీలు ఎగుడుదిగుడుగా అంటించుకున్నారు, ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి. దర్జీదాని మొగుడు అలా పోతుంటే నా పరువేం కాను? అయినా పిలవలేదు.

ఎదురింటాయన ఉండబట్టలేక, "మాస్టారూ, చొక్కా వంకరగా ఉంది" అన్నాడు.

"ఉంటుంది మరి, నేనే తొడుక్కున్నా!" అన్నారు మీ నాన్న, వీధంతా వినబడేలా.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకుని ఉన్న
అమ్మ