ఉమ్మడి తీగ మీద పిలుపు

ధర్మవరం,
14 జూలై 2024.

చిరకాల స్నేహితురాలు సువర్ణకు హేమావతి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఏడూ వాన ముఖం చాటేసింది. గార్లదిన్నెలో మా అన్న వేరుశనగ విత్తనం ఇంకా గోతాల్లోనే ఉంది. ఫోను చేస్తే నా మాట మధ్యలోనే అందుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

మా వర్క్‌షాపులో పనిచేసే సుష్మను మీ కంపెనీ ఇంటర్వ్యూలో వద్దన్నావు. తను పట్టుకున్న లోపాల్లో అన్నిటికన్నా కష్టమైనది చెప్పమంటే తల దించుకుందనీ, సరుకు లేదనీ నాకు మెసేజ్ పెట్టావు. ఆ మాటే మీ పైవాళ్లకు రాసే ముందు ఇది చదువు.

పట్టుచీరల మగ్గాలకు మేం బిగించే ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టెలో చిన్న ప్రాసెసర్ బోర్డు ఉంటుంది. దానికి రెండు కార్డులు గుచ్చుతాం. ఒకటి డిజైను ప్రకారం పోగులు లేపుతుంది, ఇంకొకటి పోగు తెగితే చెబుతుంది. ప్రాసెసర్‌ను పిలవడానికి రెండింటికీ ఒకే తీగ. పోయిన వేసవిలో అప్పుడప్పుడు పోగు తెగినా మగ్గం ఆగేది కాదు. ఈశ్వరి నేస్తున్న పెళ్లిచీర కొంగు పాడైంది. నేతగాళ్ల పెద్ద వెంకటేశులు వచ్చి, మాకీ పీడ యాలమ్మా, పెట్టెలు పీకేసి పాత చిల్లుల అట్టలే కట్టుకుంటామని కడిగేసి పోయాడు.

నేను కార్డులు మార్చాను, వైర్లు మార్చాను, దేవుళ్లకు మొక్కాను. సుష్మ మగ్గం పక్కన కూర్చుని చూసింది. ఆ పిల్లది నేత ఇల్లే. మగ్గం చప్పుడులో కేక వినబడదు గనుక, పోగు తెగితే పక్కనున్నవాళ్లు పోగులు దూరే అచ్చు మీద చెయ్యి వేస్తారు. ముడి పడేదాకా తియ్యరు. బోర్డుతో వచ్చిన ప్రోగ్రాము మాత్రం తీగను లాగిన ఆ క్షణాన్నే పిలుపుగా తీసుకుంటోందట. రెండు కార్డులూ ఒకేసారి లాగితే ఒకదాని పని చూసి ఊరుకుంటుంది. రెండోది తీగను పట్టుకునే ఉన్నా, కొత్తగా లాగలేదు కాబట్టి ప్రోగ్రాముకు పట్టదు, మగ్గం ఆగదు. చెయ్యి వేసినప్పుడు చూస్తే చాలదక్కా, తీసినారా లేదా అదీ చూడల్ల అంది సుష్మ. తీగ వదిలేదాకా రెండు కార్డులనూ అడుగుతూ ఉండేలా మార్చి రాసింది.

ఆ తర్వాత ఒక్క చీరా చెడలేదు. వెంకటేశులే మళ్లీ వచ్చి, ఇంకో పెట్టె ఉండాదా అని అడిగి తీసుకుపోయాడు. సుష్మను చూస్తే నాకు గర్వంగా ఉంటుంది, కాస్త అసూయ కూడా. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేదానివి, నువ్వు ఎలా పొరబడ్డావో నాకు అర్థం కాలేదు.

ఇట్లు,
నీ బెంచీ తోడు
హేమావతి

తా.క. కవరు అంటించే ముందు సుష్మను నిలదీశాను, ఇంత చేసినదానివి అక్కడ ఎందుకు నోరు విప్పలేదని. అప్పుడు చెప్పింది. ఆ బోర్డు ప్రోగ్రాము రాసినామె పేరు మొదటి వరుసలోనే ఉందట. అది నువ్వే. ఇంటర్వ్యూలో నీ పక్కన మీ పైవాళ్లు కూర్చుని ఉన్నారట. ఆయమ్మ తప్పు మందిలో ఎట్ల చెప్పేదక్కా, ఆయమ్మ కొలువుకే మాటొస్తాది కదా అంది. నాతో కూడా ఇన్నాళ్లూ అనలేదు. సువర్ణా, ఆ పిల్లను మళ్లీ పిలుస్తావో లేదో నీ ఇష్టం. పిలిస్తే మాత్రం అదే ప్రశ్న, వాళ్లందరి ముందే అడుగు. జవాబు నువ్వే చెప్పు.